అరవైల గ్యారేజ్ రాక్ మోత మీ బ్యాండ్‌కు ఎలా వస్తుంది: రిహార్సల్ గది నుంచి రికార్డింగ్ దాకా

"ఫజ్ పెడల్ కొన్నాం, పాత మోడల్ గిటార్ సంపాదించాం, డ్రమ్మర్ జుట్టు కూడా పెంచాడు. అయినా మా పాట అరవైల్లోదిలా వినపడటం లేదు, ఎందుకు?" ఈ ప్రశ్న రకరకాలుగా వస్తూనే ఉంది. (ఫజ్ అంటే గిటార్ శబ్దాన్ని చిరిగినట్టు గరగరలాడించే, కాలితో తొక్కే చిన్న పెట్టె.) ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు మొత్తం పనిని వరసగా రాసేస్తున్నాను.

చాలా బ్యాండ్ల కష్టం సామాను తక్కువై వచ్చింది కాదు, ఎక్కువై వచ్చింది. అందుకే కింద చాలా చోట్ల "తీసేయండి" అనే మాటే కనిపిస్తుంది.

గ్యారేజ్ రాక్ అంటే ఇక్కడ 1963–67 మధ్య అమెరికా కుర్రాళ్ల బ్యాండ్లు వాయించిన మోటు రాక్. ది సోనిక్స్, ది సీడ్స్, ది స్టాండెల్స్ ఆ కోవలోవి. రివైవల్ అంటే ఆ దారిని తర్వాత మళ్లీ పట్టిన దీ హెడ్‌కోట్స్, ది మమ్మీస్, ది హైవ్స్, ది వైట్ స్ట్రైప్స్ లాంటి వాళ్లు. చరిత్ర ఇంతే. పనిలోకి దిగుదాం.

## 1. ముందు చెవికి పని చెప్పండి

వాయిద్యం ముట్టుకోకముందే ఒక సాయంత్రం వినడానికి కేటాయించండి. పాతవి మూడు, రివైవల్‌వి మూడు పాటలు చాలు. హెడ్‌ఫోన్స్ వద్దు. ఒకే ఒక్క చిన్న స్పీకర్ మీద, అందరూ కలిసి వినండి.

ప్రతి ఒక్కరూ తమ వాయిద్యాన్ని వదిలేసి పక్కవాడి వాయిద్యాన్ని వినాలి. గిటారిస్టు డ్రమ్స్‌ని, డ్రమ్మర్ బేస్‌ని గమనించాలి. తన వాయిద్యమే వింటే "ఇది నేనూ వాయించగలను" అనే ఆలోచన తప్ప ఇంకేమీ మిగలదు.

కాగితం మీద రాసుకోవాల్సినవి:

- పాట మొత్తం ఎన్ని నిమిషాలు, గొంతు ఎన్నో సెకనులో మొదలైంది
- వేగం ఎంత (నిమిషానికి ఎన్ని దరువులు)
- ఎన్ని కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు) వాడారు
- ఫజ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది
- గొంతు వినపడుతున్నప్పుడు ఎవరు వాయించడం మానేశారు

చివరి ప్రశ్నకు వచ్చే జవాబే ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆ పాటల్లో అందరూ ఎప్పుడూ ఒకేసారి గోల చేయరు. రిఫ్ (పదేపదే వచ్చే చిన్న గిటార్ పలుకు) ఒకరిది, గొంతు ఒకరిది, మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ వల్లే మోత పెద్దదిగా వినిపిస్తుంది.

## 2. ఎవరు, ఏమిటి

నలుగురు చాలు: గిటార్, బేస్, డ్రమ్స్, నాలుగో మనిషిగా రెండో గిటార్ గానీ ఆర్గన్ గానీ. నన్నడిగితే ఆర్గన్ తీసుకోండి. రెండు గిటార్లున్న చోట ఇద్దరూ నిండు కార్డులు వాయించి గందరగోళం చేసుకోవడం చాలాసార్లు చూశాను.

గిటార్ విషయంలో బ్రాండ్ పట్టింపు అక్కర్లేదు. సింగిల్ కాయిల్ లేదా పీ-90 రకం పికప్‌లు (తీగల కింద ఉండి శబ్దాన్ని పట్టే భాగాలు) ఉంటే సగం పని అయిపోయినట్టే. అవుట్‌పుట్ బాగా ఎక్కువుండే మెటల్ తరహా హంబకర్ (రెండు కాయిల్స్ ఉండే పికప్) గిటారే ఉందా? దాని వాల్యూమ్ 6 దగ్గర పెట్టి, పికప్‌ని తీగల నుంచి కాస్త కిందికి దించండి. పదును తిరిగి వస్తుంది.

## 3. యాంప్: కింది వరసలోనే సెట్ చేయండి

5 నుంచి 20 వాట్ల ట్యూబ్ యాంప్ (గాజు ట్యూబులతో గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె) ఈ పనికి సరిగ్గా సరిపోతుంది. వంద వాట్లది గదిలో 2 దాటి పెట్టలేరు. ట్యూబ్ చెమటోడిస్తేనే ఆ గరగర పుడుతుంది.

1. స్పీకర్ వైరు బిగించిందో లేదో ముందు చూడండి. స్పీకర్ లేకుండా ట్యూబ్ యాంప్ ఆన్ చేసి వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.
2. స్టాండ్‌బై స్విచ్ ఉంటే ఒక నిమిషం వేడెక్కనివ్వండి.
3. పెడల్స్ అన్నీ పక్కన పెట్టి, గిటార్‌ని నేరుగా యాంప్‌కు కలపండి. గిటార్ వాల్యూమ్ 10.
4. టోన్ నాబ్‌లన్నీ సగంలో పెట్టి యాంప్ వాల్యూమ్ మెల్లగా పెంచండి. నెమ్మదిగా మీటితే శుభ్రంగా, గట్టిగా కొడితే చిరిగినట్టుగా వినిపించే చోట ఆపండి. ఆ చోటు దొరికేదాకా ఇంకేదీ కదపొద్దు.
5. ఇప్పుడు బేస్ 3కి దించండి. మిడ్ ఉంటే పెంచండి. ట్రెబుల్ చెవికి గుచ్చుకునే దాకా తీసుకెళ్లి ఒక్క మెట్టు తగ్గించండి.
6. స్ప్రింగ్ రివర్బ్ (గది ప్రతిధ్వనిలాంటిది) 2–3. ట్రెమొలో (శబ్దం ఊగినట్టు చేసేది) నెమ్మది పాటలకు మాత్రమే.

యాంప్‌ని నేల మీద పెడితే శబ్దం మోకాళ్లకు తగులుతుంది, చెవికి కాదు. వాయించేవాడికి మొద్దుగా వినపడి ట్రెబుల్ పెంచేస్తాడు, ఎదురుగా ఉన్నవాళ్ల చెవులు చిల్లులు పడతాయి. కుర్చీ మీద పెట్టండి, లేదా వెనక్కి వాల్చండి.

ట్యూబ్ యాంప్ లేకపోతే మోడలింగ్ యాంప్‌తోనూ (రకరకాల యాంప్‌లను డిజిటల్‌గా అనుకరించేది) నడుస్తుంది. చిన్న కాంబో మోడల్ ఎంచుకుని, గెయిన్ (గరగర ఎంత రావాలో నిర్ణయించే నాబ్) తగ్గించి, నాయిస్ గేట్ (వాయించనప్పుడు వచ్చే చప్పుడును కత్తిరించేది) ఆపేయండి. ఆ సన్నని బుస్సుమనే శబ్దం ఉండనివ్వండి.

ఇంకో మాట. ట్యూబ్ యాంప్ వెనక మూత మీరు తెరవొద్దు. ప్లగ్ పీకేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

## 4. ఫజ్: అందరూ బోల్తా పడేది ఇక్కడే

1962లో వచ్చిన మాయెస్ట్రో ఎఫ్‌జెడ్-1 పెడల్ రెండు చిన్న 1.5 వోల్టుల బ్యాటరీలతో నడిచేది. దాంట్లోంచి వచ్చేది తేనెటీగ రొదలాంటి సన్నని శబ్దం. స్వరం ఎక్కువసేపు నిలవదు, చివర్లో చిరిగి ఠక్కున ఆగిపోతుంది. తర్వాత వచ్చిన లావుపాటి ఫజ్‌లు పూర్తిగా వేరే రకం. మీ దగ్గరున్నది బండరాయిలా మోగే ఫజ్ అయితే పెడల్ మార్చకముందు కింది పనులు చేసి చూడండి.

ఎక్కడ పెట్టాలి. గిటార్ తర్వాత మొట్టమొదటిది ఫజ్ కావాలి. ముందు బఫర్ (సిగ్నల్‌ను బలపరిచే సర్క్యూట్) ఉన్న ట్యూనర్ పెట్టినా, వైర్‌లెస్ పెట్టినా జర్మేనియం ఫజ్‌లు (పాతకాలపు జర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసినవి) చాలావరకు గరుకుగా, పలచగా అరుస్తాయి. గిటార్ వాల్యూమ్ తగ్గించినా శుభ్రపడవు. ట్యూనర్‌ని ఫజ్ వెనక్కి జరపండి.

ఎంత పెట్టాలి. ఫజ్ నాబ్ పూర్తిగా తిప్పండి. తర్వాత ప్రతి స్వరం విడిగా వినపడేదాకా వెనక్కి తీసుకురండి. పెడల్ వాల్యూమ్ మాత్రం ఆఫ్‌లో ఉన్నప్పటికంటే కాస్త ఎక్కువ ఉండాలి. ఇది తిరగేసి చేసేవాళ్లే ఎక్కువ. గెయిన్ నిండా పెట్టి వాల్యూమ్ తగ్గిస్తారు, సోలో వచ్చేసరికి గిటార్ మాయమైపోతుంది.

ఏం వాయించాలి. ఒక తీగ, మహా అయితే రెండు. ఫజ్ మీద నిండు మేజర్ కార్డు కొడితే స్వరాలు ఒకదానితో ఒకటి గుద్దుకుని, మీరు వాయించని స్వరాలు కూడా పుట్టుకొస్తాయి. రూట్ (కార్డు మొదటి స్వరం), ఐదో స్వరం కలిపి కొడితే ఇబ్బంది లేదు. మూడో స్వరం చేరిందా, బురదే.

ఎప్పుడు తొక్కాలి. మొదటి రిఫ్‌లో, సోలోలో. గొంతు మొదలవగానే ఆపేయండి. పాటంతా ఫజ్ ఉంటే పది సెకన్లకే చెవి అలవాటు పడిపోయి అది ఉన్నట్టే తెలియదు.

పవర్. ఇది నా అనుభవం. పాత డిజైన్ ప్రకారం పీఎన్‌పీ జర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసిన ఫజ్‌లలో చాలావాటికి పాజిటివ్ గ్రౌండ్ ఉంటుంది. మిగతా పెడల్స్‌కు నెగటివ్. రెండింటినీ ఒకే అడాప్టర్ గొలుసుకు తగిలిస్తే షార్ట్ అవుతుంది. నేను తగిలించాను. మొదటి పాటకు నాలుగు అంకెలు లెక్కపెట్టాక బోర్డు మొత్తం చచ్చిపోయింది, ఆ సెట్ అంతా ఒక్క వైరుతో యాంప్‌లోకి నేరుగా వాయించాను. అప్పటి నుంచి ఫజ్‌కు విడిగా బ్యాటరీనే.

వేడి. జర్మేనియం వేడికి మారిపోతుంది. సాయంత్రం సౌండ్ చెక్‌లో బాగున్న పెడల్ రాత్రి దీపాల వేడికి గొంతు నొక్కినట్టు పలికితే అది పాడైందని కంగారు పడొద్దు. బయాస్ నాబ్ (ట్రాన్సిస్టర్ పనితీరును సరిచేసేది) ఉంటే కొద్దిగా తిప్పండి, లేకపోతే దీపానికి దూరంగా జరపండి.

## 5. ఆర్గన్

1962లో వచ్చిన వాక్స్ కాంటినెంటల్, ఆ తర్వాత వచ్చిన ఫార్ఫీసా కాంపాక్ట్ ఈ సంగీతానికి గుర్తు. రెండూ ట్రాన్సిస్టర్ ఆర్గన్‌లు. మీట ఎంత గట్టిగా కొట్టినా శబ్దం ఒకేలా వస్తుంది. ఈ సంగతి మర్చిపోతే ఎంత ఖరీదైన కీబోర్డ్ అయినా ఆధునికంగానే మోగుతుంది.

మామూలు కీబోర్డ్ ఉన్నవాళ్లు ఇలా చేయండి:

- కాంబో ఆర్గన్ టోన్ ఎంచుకోండి. చర్చి ఆర్గన్ వద్దు, స్పీకర్ తిరిగే జాజ్ తరహా ఆర్గన్ కూడా వద్దు
- టచ్ సెన్సిటివిటీ ఆపేయండి
- సస్టెయిన్ పెడల్ పీకేసి సంచిలో పెట్టండి
- వైబ్రేటో ఆన్ చేయండి
- శబ్దాన్ని గిటార్ యాంప్ గుండా పంపండి, కానీ యాంప్ వాల్యూమ్ తక్కువ నుంచి మొదలుపెట్టండి

వాయించడానికి కుడి చెయ్యి ఒక్కటే చాలు. మిడిల్ సీ పైన రెండు మూడు స్వరాలు, దరువుకు దరువుకు మధ్య పొడిచినట్టు. ఎడమ చెయ్యి కింద బేస్ స్వరాలు నొక్కడం మొదలుపెడితే బేసిస్ట్‌తో పేచీ తప్పదు. ఆ చేతికి టాంబురిన్ ఇవ్వండి.

## 6. బేస్, డ్రమ్స్

బేస్‌కు ఫ్లాట్‌వౌండ్ (పైభాగం నున్నగా ఉండే) తీగలు వేయండి. కొత్తగా కొనలేకపోతే పాతబడి మొద్దుబారిన రౌండ్‌వౌండ్ తీగలే ఉంచండి, అవీ పనికొస్తాయి. బ్రిడ్జి దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చి, టోన్ సగానికి తగ్గించి, పిక్‌తో వాయించండి. స్వరం "డుమ్" అని పుట్టి వెంటనే ఆగాలి. స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టడం) వద్దు, ఐదో తీగ వద్దు.

డ్రమ్స్‌లో ముందు తీసివేతలు. కిక్, స్నేర్, ఒక టామ్, ఒక ఫ్లోర్ టామ్, హై-హ్యాట్, ఒక సింబల్. మిగతావి కవర్లలోనే ఉండనివ్వండి.

కిక్‌కు ముందు తోలు ఉండాలి, దానికి రంధ్రం లేకపోతే మరీ మంచిది. లోపల దిండు కుక్కకండి, తోలుకు ఆనేలా ఒక పలచని గుడ్డ చాలు. స్నేర్‌ని కాస్త పై శ్రుతిలో బిగించి, మోగు ఎక్కువైతే పావు భాగం మీద చిన్న తువ్వాలు పరవండి.

దరువు విషయంలో మూడు నమూనాలు చాలాకాలం నడుస్తాయి:

- 2, 4 మీద స్నేర్, హై-హ్యాట్ సగం తెరిచి
- 2 మీద వెంటవెంటనే రెండు దెబ్బలు, 4 మీద ఒకటి
- నాలుగింటి మీదా స్నేర్, పల్లవిలో మాత్రమే

డబుల్ కిక్, పొడుగాటి టామ్ ఫిల్స్ ఇక్కడ అతకవు. ఫిల్ వేయాలనిపిస్తే స్నేర్ మీద ఒక్క బార్ (నాలుగు దరువులు) రోల్ వేసి ఊరుకోండి.

## 7. పాట కట్టడం

రెండు నిమిషాల నుంచి రెండు నిమిషాల 45 సెకన్లు. మూడు దాటితే ఏదో ఒకటి రెండుసార్లు చెబుతున్నారన్నమాట.

కార్డులకు ఈ మూడు దారులతో ఏడాది గడిచిపోతుంది: ఇ–ఏ–బి7, ఇ–డి–ఏ, ఇ–జి–ఏ. మూడింటిలోనూ ఖాళీ తీగలు మోగుతాయి, గిటార్ పెద్దగా వినపడుతుంది. మొదట్లో క్యాపో పెట్టుకోకండి.

రిఫ్ రెండు బార్లు మించొద్దు. పరీక్ష సులువు: గిటార్ కింద పెట్టి నోటితో పాడండి. పక్కవాడు ఒక్కసారి విని తిరిగి పాడగలిగితే అది రిఫ్. పాడలేకపోతే అది సాధన పాఠం.

ఒక పనికొచ్చే వరస:

1. రిఫ్ ఒక్క గిటారే, 2 బార్లు. తర్వాత అందరూ, 4 బార్లు
2. చరణం 8 బార్లు, ఫజ్ ఆఫ్
3. పల్లవి 8 బార్లు, అందరి గొంతులు
4. రెండో చరణం
5. ఒక కేక, వెంటనే సోలో 8 బార్లు
6. పల్లవి రెండుసార్లు
7. ఒకే దెబ్బతో ఆపేయడం

ఫేడ్ అవుట్ (శబ్దం మెల్లగా తగ్గి ముగియడం) రికార్డులో బాగానే ఉంటుంది కానీ వేదిక మీద కుదరదు. ముగింపు ముందే తేల్చుకోండి.

సాహిత్యానికి ఒకే ఫిర్యాదు చాలు. వదిలేసి వెళ్లింది, మాట తప్పాడు, బోర్ కొడుతోంది. తెలుగులో రాసేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చివరి అక్షరాన్ని సాగదీసి అరవొచ్చు. "రా", "పో", "చాలు", "ఆగు" లాంటి చిన్న మాటలు దరువు మీద సుత్తి దెబ్బల్లా పడతాయి. సమాసాలు మాత్రం తగ్గించండి, నోరు తిరిగేలోపు బార్ అయిపోతుంది.

## 8. గొంతు

హాయిగా పాడే శ్రుతి కంటే ఒక స్వరం పైన పెట్టుకుంటే ఆ తెగింపు వస్తుంది. అంతకు మించి వద్దు. కేకలు రిహార్సల్‌లో సగం బలంతోనే వేసి, అసలువి రికార్డింగ్‌కు దాచుకోండి. గొంతు బొంగురుపోతే ఆరోజుకు ఆపేయడమే.

మామూలు డైనమిక్ మైక్ చాలు. 80–120 మిల్లీసెకన్ల ఎకో, ఒక్కసారే తిరిగి వినపడేలా పెట్టండి. ఇంకా మోటుగా కావాలంటే రికార్డయిన గొంతును చిన్న గిటార్ యాంప్ గుండా పంపి, దాని ముందు మైక్ పెట్టి మళ్లీ రికార్డ్ చేసి, అసలు గొంతు కింద కొద్దిగా కలపండి. వంత పాడేవాళ్లు ఇద్దరూ ఒకే మైక్ దగ్గర నిలబడాలి.

## 9. రిహార్సల్ ఎలా నడపాలి

మొదట యాంప్‌లు లేకుండా, డ్రమ్మర్ తొడ మీద దరువు వేస్తుంటే పాట రూపం మొత్తం ఒకసారి నడవండి. ఆ తర్వాతే ఆన్ చేయండి. డ్రమ్స్ శబ్దమే కొలత: ఎవరి యాంప్ అయినా స్నేర్‌ని మింగేస్తే ఆ యాంప్ తగ్గాలి. గొంతు, ఆర్గన్ వినపడకపోతే వాటిని పెంచకముందు గిటార్ తగ్గించి చూడండి.

చెవుల సంగతి సరదా కాదు. అమెరికాలో పనిచోట ఆరోగ్యం, భద్రత చూసే నియోష్ సంస్థ సిఫార్సు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. చిన్న గదిలో డ్రమ్స్‌తో 100 దాటడం ఎంతసేపు? ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి.

## 10. రికార్డింగ్: అందరూ ఒకే గదిలో, ఒకేసారి

ఒక్కొక్కరూ విడిగా, క్లిక్ ట్రాక్ (టిక్ టిక్‌మనే యంత్రం తాళం) మీద రికార్డ్ చేస్తే పైన చేసిన శ్రమంతా వృథా. గిటార్ మైక్‌లోకి డ్రమ్స్ కారాలి, డ్రమ్స్ మైక్‌లోకి ఆర్గన్ కారాలి. ఆ కారడమే గదిని వినిపిస్తుంది.

సోనిక్స్ 1965 రికార్డులో డ్రమ్స్ మొత్తానికి వాడింది ఒక్క మైకే. వైట్ స్ట్రైప్స్ 2003 ఆల్బమ్‌లో చాలా భాగం లండన్‌లోని టో రాగ్ స్టూడియోలో ఎనిమిది ట్రాకుల టేపు మీద చేశారు. మీ దగ్గర కంప్యూటరే ఉంటే అదీ సరే, కానీ ట్రాకుల సంఖ్యకు మీరే హద్దు పెట్టుకోండి. ఎనిమిది, వీలైతే నాలుగు.

ముందు రోజు: గిటార్ తీగలు మార్చి సాగనివ్వండి. బేస్ తీగలు మార్చొద్దు. కొత్త బ్యాటరీలు సిద్ధం. గదిలో కిర్రుమనే కుర్చీ, గణగణమనే కిటికీ వెతికి పట్టుకోండి.

గది సర్దడం: డ్రమ్స్ ముందు. యాంప్‌లు డ్రమ్స్‌కు వీపు పెట్టేలా తిప్పండి. మధ్యలో మందపాటి దుప్పటి వేలాడదీయండి. వాయించేవాళ్లు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూడగలగాలి.

నాలుగు మైకుల ఏర్పాటు:

1. డ్రమ్స్ పైన ఒకటి. స్నేర్ నుంచి దాదాపు మూడున్నర, నాలుగు అడుగుల ఎత్తున, స్నేర్‌కీ కిక్‌కీ మధ్యకు చూస్తూ
2. కిక్ ముందు ఒకటి, ఒక జానెడు దూరంలో
3. గిటార్ యాంప్ ముందు, గుడ్డకు రెండు వేళ్ల దూరంలో, కోన్ నడిమధ్య నుంచి కాస్త పక్కకు
4. బేస్ యాంప్ దగ్గర. ఆర్గన్ యాంప్‌ని దీని పక్కకే జరిపి ఇద్దరినీ ఒకే మైక్‌లో పట్టండి

రెండే మైకులున్నాయా? అయితే నాబ్‌లు కాదు, మనుషులు జరగాలి. ఎక్కువ వినపడేవాడు వెనక్కి, వినపడనివాడు ముందుకు. పిండి కొద్దీ రొట్టె అంటారు, కానీ ఈ పద్ధతిలో గంట కష్టపడితే తర్వాత మిక్సింగ్ దాదాపు ఉండదు.

పోలారిటీ పరీక్ష: డ్రమ్స్ మైకులు రెండింటినీ మోనోలో (ఒకే ఛానెల్‌గా) కలిపి వినండి. ఒకదాని పోలారిటీ (ధ్వని తరంగం దిశ) తిప్పి మళ్లీ వినండి. ఏది నిండుగా మోగితే అది ఉంచండి. దీన్ని వదిలేసి తర్వాత ఈక్యూతో (బేస్, ట్రెబుల్ లాంటివి సరిచేసే నాబ్‌లతో) కిక్ కోసం వెతుక్కునేవాళ్లు బోలెడు మంది.

లెవెల్: కంప్యూటర్‌లో అత్యంత గట్టి దెబ్బ కూడా మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. డిజిటల్ క్లిప్పింగ్ వల్ల వచ్చే పగులు అరవైల పగులు కాదు. గరగర కావాలంటే టేపు మీదో, ప్రీయాంప్‌లోనో తెప్పించండి.

టేకులు: ఐదుకు మించి వద్దు. రెండో, మూడో టేకే సాధారణంగా బాగుంటుంది. ఆ తర్వాత జాగ్రత్త పెరుగుతుంది, పొగరు తగ్గుతుంది. వేగం టేకుకో రకంగా ఉంటే లెక్కపెట్టే ముందు డ్రమ్మర్ పల్లవిని మనసులో ఒకసారి పాడుకోవాలి.

తర్వాత చేర్చేవి: ముందు గొంతు, ఆపైన వంత, చివర టాంబురిన్. టాంబురిన్‌ని మైక్‌కు ఐదారు అడుగుల దూరంలో వాయించండి. దగ్గర వాయిస్తే పాట మొత్తాన్ని గులకరాళ్ల డబ్బా మింగేస్తుంది.

నాలుగు ట్రాకుల యంత్రంలో చోటు చాలకపోతే మొదటి మూడింటిని కలిపి నాలుగో దాంట్లోకి దించి, మూడింటినీ ఖాళీ చేసుకోవచ్చు. ఒకసారి దించాక బేస్ ఒక్కటే పెంచడం కుదరదు. అందుకని దించేటప్పుడు డ్రమ్స్, బేస్ కాస్త ఎక్కువే ఉంచండి, పైన చేర్చేవన్నీ వాటినే కప్పేస్తాయి.

## 11. మిక్సింగ్

మోనోలో చేయండి. స్టీరియో కావాలంటే చివర్లో ఆలోచిద్దాం. నాకైతే ఆ "చివర" ఎప్పుడూ రాలేదు.

60 హెర్ట్జ్ కింద, 10 వేల హెర్ట్జ్ పైన మెల్లగా కోసేయండి. మొత్తం మిక్స్ మీద ఒక కంప్రెసర్ (గట్టి, మెల్లని శబ్దాల తేడా తగ్గించేది), సూది 3–4 డెసిబెల్స్ వెనక్కి కదిలేంత. రివర్బ్ ఒక్కటే, అందరికీ అదే. టేప్ ఎమ్యులేషన్ (టేపు మోతను అనుకరించే సాఫ్ట్‌వేర్) వాడితే ఒక్కసారే. పాత రికార్డు గీతల చప్పుడు కలపడం మాత్రం దయచేసి మానండి. ఆ చప్పుడు వాడిన ప్లేటుది, ఆ బ్యాండ్‌ది కాదు.

పిచ్ కరెక్షన్, దరువుల్ని గీత మీదకు జరపడం రెండూ వద్దు. శ్రుతి తప్పిన గిటార్‌ని కూడా "మోటుదనం" అని వదిలేయకండి. అది బద్ధకం. మళ్లీ వాయించండి.

## 12. ఇలా వినపడితే ఇలా చేయండి

హార్డ్ రాక్‌లా ఉంది. గిటార్ గెయిన్ సగానికి దించండి, యాంప్ బేస్ తగ్గించండి. అప్పటికీ మారకపోతే కుడి చెయ్యి చూడండి. అరచేత్తో తీగలు అదిమి వాయిస్తున్నారేమో.

పలచగా, చప్పగా ఉంది. ఎక్కువసార్లు తప్పు బేస్‌ది. గిటార్ రిఫ్‌నే కింది స్థాయిలో బేస్ కూడా వాయించమనండి.

రిఫ్ వినపడటం లేదు. ఆర్గన్ అదే ఎత్తులో ఉందేమో చూసి ఒక స్థాయి పైకి పంపండి.

గొంతు మునిగిపోతోంది. ఫేడర్ (శబ్దం పెంచే మీట) పెంచకండి. చరణంలో ఆర్గన్ ఆపేసి వినండి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ ఊపు లేదు. వేగం నిమిషానికి ఐదారు దరువులు పెంచి ఒక్క టేకు తీయండి. అప్పటికీ రాకపోతే పాటలోంచి ఒక చరణం కోసేయండి.

## 13. వేదిక ఎక్కే రోజు

సెట్ 25 నిమిషాలు, తొమ్మిది పది పాటలు. శ్రుతి సరిచేసుకునే ఖాళీని డ్రమ్మర్ దరువుతో నింపాలి, మాటలతో కాదు. ఒకేలాంటి బట్టలు వేసుకోవాలనుకుంటే వాటితో ఒకసారి రిహార్సల్ చేయండి. బిగుతు కోటులో ఫ్లోర్ టామ్ దాకా చెయ్యి చాచడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

సంచిలో ఉండాల్సినవి:

- రెండు సెట్ల గిటార్ తీగలు, పది పిక్‌లు
- అదనపు గిటార్ వైరు, స్పీకర్ వైరు (రెండూ ఒకటి కావు, ఒకదానికి బదులు ఇంకొకటి వాడొద్దు)
- యాంప్‌కు సరిపడే అదే రేటింగ్ ఫ్యూజ్
- డ్రమ్ కీ, స్నేర్ మీద వేసే తువ్వాలు
- కీబోర్డ్ అడాప్టర్ (మర్చిపోయే వస్తువుల్లో మొదటిది)
- అందరికీ ఇయర్‌ప్లగ్స్
- ఫజ్‌కు కొత్త బ్యాటరీ

సౌండ్ చెక్ అయ్యాక ఫజ్‌లో గుచ్చిన గిటార్ వైరు పీకేయండి. వైరు ఉన్నంతసేపూ, పెడల్ ఆఫ్‌లో ఉన్నా సరే, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.